మన ఎండల్లో చిన్న టర్బో సెడాన్: మైలేజీ ఎంత వస్తుంది, ఏటా ఖర్చెంత అవుతుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఉండేది గుంటూరు, ఆఫీసు విజయవాడ. వారానికి ఐదు రోజులు రానూపోనూ 70 కిలోమీటర్లు, నెలకోసారి పిడుగురాళ్ల మీదుగా హైదరాబాద్. 1.0 లీటర్ టర్బో సెడాన్ (ఇంజిన్ వదిలే పొగతో తిరుగుతూ లోపలికి గాలిని బలంగా నెట్టే చిన్న పంకా ఉన్నది) మీద మనసు పడింది. షోరూంలో లీటరుకు 19 వస్తుందన్నారు. అదే కారున్న మీ స్నేహితుడు 10 కూడా రావట్లేదంటున్నాడు. మీ మామగారేమో టర్బో మన ఎండలకు ఆగదు, మామూలు 1.5 ఇంజిన్ తీసుకో అంటున్నారు. ఎవరి మాట నమ్మాలన్నదే మీ సందేహం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 17 ఏళ్లుగా పెట్రోల్ కార్ల పని చేస్తున్నాను. నాలుగేళ్లుగా నా సొంత కారు కూడా 1.0 టర్బో సెడానే, ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా అందించే మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ది. కొన్న రోజు నుంచి పెట్రోల్ పోయించిన ప్రతిసారీ పుస్తకంలో రాసుకున్నాను. డాష్‌బోర్డు మీద కనిపించే అంకె కాదు, పంపులో నాజిల్ మొదటిసారి దానంతట అది ఆగేవరకు నింపి, తర్వాతి ఫుల్ ట్యాంకు వరకు తిరిగిన కిలోమీటర్లను లీటర్లతో భాగిస్తే వచ్చిన లెక్క. అందుకే కొంచెం ధైర్యంగా చెప్పగలను: షోరూం వాళ్లూ అబద్ధం చెప్పలేదు, మీ స్నేహితుడూ అబద్ధం చెప్పలేదు. మీ మామగారి భయానికి కూడా కారణం ఉంది, కాకపోతే ఆయన అనుకున్న కారణం వేరు.

నా పుస్తకంలోంచి నాలుగు అంకెలు చెబుతాను. విజయవాడ నుంచి హైదరాబాద్ దాకా 90, 95 స్పీడులో వెళ్తే డిసెంబరు, జనవరి నెలల్లో లీటరుకు 18.5 వస్తుంది. అదే రోడ్డు, అదే స్పీడు, మే నెలలో 17.2. ఊళ్లో తిరుగుడు మాత్రమే అయితే చలికాలం 11.5, మే నెలలో 9.3. హైవే మీద ఎండ వల్ల పోయింది ఏడు శాతం, ఊళ్లో పోయింది దాదాపు 20 శాతం. అదే ఎండ, అదే ఇంజిన్. మరి ఇంత తేడా ఎందుకు వచ్చింది? మీ ప్రశ్నకు జవాబంతా ఇక్కడే ఉంది.

ఏసీ తాగే పెట్రోల్‌ని కిలోమీటర్లలో లెక్కపెట్టకూడదు, గంటల్లో లెక్కపెట్టాలి. కారు నిలబడినా పరుగెత్తినా కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. నా లెక్కలో చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య అదనంగా అయ్యేది గంటకు సుమారు 400 మిల్లీలీటర్లు. ఊళ్లో సగటు స్పీడు గంటకు 20 అనుకుంటే 100 కిలోమీటర్లకు ఐదు గంటలు పడుతుంది, అంటే రెండు లీటర్లు ఎక్కువ. హైవే మీద సగటు 75 ఉంటే అవే 100 కిలోమీటర్లు గంటా ఇరవై నిమిషాల్లో అయిపోతాయి, అప్పుడు పడే భారం అర లీటరే. పైగా వేడెక్కిన గాలి పలచబడుతుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి దాదాపు 6 శాతం పలచన. కారు దాన్ని చీల్చుకుంటూ వెళ్లడానికి పడే కష్టం కూడా అంతే తగ్గుతుంది. హైవే మీద ఎండ ఒక చేత్తో తీసుకున్నదాంట్లో కొంత ఇలా తిరిగి ఇస్తుంది. మామూలు ఇంజిన్‌కి ఆ పలచని గాలి వల్ల పవర్ తగ్గుతుంది. టర్బో అయితే ఇంకాస్త గట్టిగా గాలిని నెట్టి ఆ లోటు చాలావరకు పూడుస్తుంది. కాబట్టి నడిచే కారుకి ఎండ పెద్ద శత్రువు కాదు. నిలబడ్డ కారుకే శత్రువు.

షోరూం అంకె సంగతీ ఇంతే. కంపెనీలు ప్రకటించే మైలేజీ ల్యాబ్‌లో, 20 నుంచి 30 డిగ్రీల మధ్య, ఏసీ ఆపి, రోలర్ల మీద నడిపి తీసినది. హ్యుందాయ్ వెర్నా 1.5 టర్బోకి మాన్యువల్ గేర్‌బాక్స్‌తో 20, డీసీటీ (డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్) గేర్‌బాక్స్‌తో 20.6 అని ప్రకటించారు. ఆ పరీక్ష పరిస్థితుల్లో అది నిజం. మన విజయవాడ బెంజి సర్కిల్‌లో మే నెల మధ్యాహ్నం ఆ పరిస్థితులు ఎక్కడ దొరుకుతాయి?

బెంజి సర్కిల్ అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. గత వేసవిలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి స్కానర్ తగిలించి బయల్దేరాను. పక్కన మా కుర్రాడు అంకెలు చదువుతున్నాడు. బయట 43 డిగ్రీలు. కృష్ణ మీది వారధి దాటుతూ 80లో వెళ్తుంటే ఇంజిన్ లోపలికి వెళ్లే గాలి 52 డిగ్రీలు చూపించింది, అది బాగున్నట్టే. సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద ఆరు నిమిషాలు ఇరుక్కున్నాం. 58, 63, 67 అంటూ చదువుకుంటూ పోయి 71 దగ్గర ఆగాడు. గ్రీన్ సిగ్నల్ పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే కారు మొద్దుబారినట్టు కదిలింది. ఒక కిలోమీటరు గాలి తగిలేసరికి మళ్లీ 60 లోపుకి దిగి మామూలుగా లాగింది.

ఆ మొద్దుతనంలో లోపల ఏం జరుగుతోందంటే, టర్బో గాలిని నొక్కినప్పుడే అది వేడెక్కుతుంది. దాన్ని ఇంటర్‌కూలర్ చల్లార్చాలి. కారు నిలబడితే ఇంటర్‌కూలర్‌కి తగిలే చల్లగాలి ఉండదు, చుట్టూ ఉన్నదంతా పక్క కార్ల పొగ, తారు సెగ. వేడి గాలి సిలిండర్లోకి వెళ్తే, స్పార్క్ పుట్టించిన మంట చేరకముందే మిగిలిన పెట్రోల్ దానంతట అది భగ్గుమనే ప్రమాదం ఉంటుంది, దాన్నే మేం నాకింగ్ అంటాం. అది జరక్కుండా ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్, స్పార్క్‌ని కాస్త ఆలస్యంగా ఇస్తుంది. అవసరమైతే లోపల చల్లబడడానికి పెట్రోల్ ఎక్కువ పంపుతుంది. పవర్ తగ్గిందని డ్రైవరు ఇంకా తొక్కుతాడు, టర్బో ఇంకా ఊదుతుంది, ఇంకా వేడి, ఇంకా పెట్రోల్. మీ స్నేహితుడికి 10 లోపు రావడానికి ఇదే కారణం అయ్యుంటుంది. ఆయన తిరిగేది ఎక్కువగా ఊళ్లోనే కదా, ఒకసారి అడిగి చూడండి. కారులో లోపం ఉండకపోవచ్చు.

ఇక పెట్రోల్ సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌లో మూడింట రెండొంతులే. కాబట్టి లీటరు ఈ20లో శక్తి 6, 7 శాతం తక్కువ. ఆ మేరకు మైలేజీ కొంత తగ్గడం సహజం, ఏ ఇంజిన్‌కైనా అంతే. అయితే టర్బోకి ఇందులో ఒక మేలు ఉంది. ఈ20కి ఆక్టేన్ 95, పాత మామూలు పెట్రోల్‌కి 91. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌లో వేడిని కూడా లాగేస్తుంది. రెండూ నాకింగ్‌ని ఆపేవే. అందుకే మామూలు బంకు పెట్రోల్ వదిలేసి లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టి 95 ఆక్టేన్ ప్రీమియం పోయించుకోవాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ఆరు ట్యాంకులు పోయించి చూశాను, పుస్తకంలో తేడా రాలేదు. సెకండ్ హ్యాండ్ చూస్తుంటే మాత్రం 2023 ఏప్రిల్ తర్వాత తయారైన కారు చూడండి, లేదంటే ఆ మోడల్ ఈ20కి పనికొస్తుందని కంపెనీ రాతపూర్వకంగా చెప్పిందో లేదో కనుక్కోండి.

మీకు ఒక చిన్న ఆదా కూడా ఉంది. తెలంగాణలో పెట్రోల్ ఆంధ్రలో కంటే లీటరుకు రెండు రూపాయల దాకా తక్కువ. హైదరాబాద్ నుంచి తిరిగొచ్చేటప్పుడు మిర్యాలగూడలో ట్యాంకు నింపుకుని వాడపల్లి దగ్గర కృష్ణ దాటండి. 40 లీటర్లకు 80 రూపాయల దాకా మిగులుతుంది. అది దారిలోనే ఉన్న బంకు కాబట్టి చెబుతున్నాను, దాని కోసం ప్రత్యేకంగా వెళ్లమని కాదు.

ఇప్పుడు మీ మామగారి భయం దగ్గరికి వస్తాను. టర్బో ఎండకు కాలిపోదు. టర్బోలోకి వచ్చే పొగే 900 డిగ్రీలు దాటగలదు, దానికి మన 45 డిగ్రీలు లెక్కలోకి రావు. నా గ్యారేజీకి చచ్చిపోయి వచ్చిన టర్బోలన్నీ నూనె వల్ల పోయినవే, లేదా కూలెంట్ వల్ల పోయినవి. ఎండ చేసే పని ఏంటంటే, ఆ రెండింటి విషయంలో మనం చేసే అజాగ్రత్తని క్షమించకపోవడం.

టర్బో లోపలి షాఫ్ట్ నిమిషానికి రెండు లక్షల చక్కర్లకు పైగా తిరగగలదు. ఒక పలచని నూనె పొర మీద అది తేలుతూ తిరుగుతుంది. నూనె పాతబడితే వేడికి బొగ్గులా గట్టిపడి సన్నని దారులు మూసుకుపోతాయి. కొన్ని కంపెనీలు సర్వీసు 15,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి అంటాయి, కొన్ని 10,000 అంటాయి. కారుతో వచ్చే మాన్యువల్ పుస్తకం వెనక పేజీల్లో కఠిన పరిస్థితులు అని వేరే పట్టిక ఉంటుంది, తప్పకుండా చదవండి. విపరీతమైన వేడి, దుమ్ము, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్ అన్నీ అందులోనే ఉంటాయి. అంటే మన ఊళ్లు. నేను నా కారుకి 8,000 కిలోమీటర్లకు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మారుస్తాను. కంపెనీ చెప్పిన గ్రేడే, ఫుల్ సింథటిక్. దాదాపు 4,500 రూపాయలు అవుతుంది. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉందో లేదో చూడండి. 2020లో వచ్చిన ఈ ప్రమాణంలో చిన్న టర్బో ఇంజిన్లకు వచ్చే ఒక జబ్బుకి ప్రత్యేకంగా పరీక్ష ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి తక్కువ చక్కర్లు తిరిగేటప్పుడు) ఇంజిన్ మీద పూర్తి బరువు పడినప్పుడు పెట్రోల్ ముందే పేలి పిస్టన్‌ని పగలగొట్టే జబ్బు అది. అందుకే మాన్యువల్ గేర్ల కారు తీసుకుంటే ఐదో గేరులో 45లో వెళ్తూ లారీని దాటడానికి యాక్సిలరేటర్‌ని నేలకు తొక్కకండి. ఒక గేరు దించి తొక్కండి. మైలేజీ కోసమని పెద్ద గేరులో ఇంజిన్‌ని నలిపే అలవాటు పాత డీజిల్ కార్ల నుంచి వచ్చిన వాళ్లలో చాలామందికి ఉంటుంది.

కూలెంట్ విషయంలో నాకు మర్చిపోలేని కారు ఒకటుంది. బందరు వైపు నుంచి వచ్చింది, మూడేళ్లది, టర్బో సెడానే. దారిలో ఎక్కడో కూలెంట్ తగ్గిందని లైట్ వెలిగితే దగ్గర్లోని వాళ్లు బోరు నీళ్లు పోశారు. అటువైపు బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు తెలుసు. తర్వాత ఆ సంగతే మర్చిపోయి ఏడు నెలలు తిరిగారు. మూత తీసి టార్చి వేసి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన ద్రవం తుప్పు పట్టిన డ్రమ్ములో నీళ్లలా ఉంది. వేలు పెట్టి తీస్తే గోరు సందులో ఎర్రటి మడ్డి. థర్మోస్టాట్, వాటర్ పంపు, ఇంటర్‌కూలర్‌కి నీళ్లు పంపే చిన్న పంపు, చివరికి హెడ్ గాస్కెట్. బిల్లు 68,000 అయింది. ఆయన రిటైరైన టీచరు. లెక్క కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు బెంచీ మీద కూర్చుండిపోయారు, నాకు చాలా బాధేసింది. లీటరు కూలెంట్ డబ్బా డిక్కీలో ఉంటే సరిపోయేది. ఈ చిన్న టర్బోల్లో కొన్నిటికి ఇంటర్‌కూలర్ని కూడా నీళ్లతోనే చల్లారుస్తారు, దానికి వేరే సర్క్యూట్ ఉంటుంది. కాబట్టి కూలెంట్ పాడైతే దెబ్బ రెండు చోట్ల తగులుతుంది. మీరు కారు కొన్న రోజే కంపెనీ కూలెంట్ ఒక డబ్బా కొని డిక్కీలో పెట్టండి. తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు వద్దు.

మీ దారికి సంబంధించి ఇంకో మాట. పిడుగురాళ్ల చుట్టూ సున్నం బట్టీల దుమ్ము ఉంటుంది, గుంటూరు దగ్గర పత్తి నూగు ఉంటుంది. ముందు గ్రిల్ వెనక ఏసీ కండెన్సర్, దాని వెనక ఇంటర్‌కూలర్ రేడియేటర్, దాని వెనక అసలు రేడియేటర్ ఇలా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. మధ్యలో పేరుకున్న నూగు బయటికి కనపడదు. ఏసీ చల్లదనం తగ్గిందని గ్యాస్ పట్టించుకునే వాళ్లలో సగం మందికి కావాల్సింది ఈ శుభ్రమే. ఏటా మార్చిలో ఒకసారి బంపర్ విప్పించి, వెనక నుంచి ముందుకి తక్కువ ప్రెషర్ నీళ్లతో కడిగించండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే వాటి సన్నని రేకులు వంగిపోతాయి, జాగ్రత్త. ఎయిర్ ఫిల్టర్ ఏడాది వరకు ఆగకుండా ఆయిల్‌తో పాటే చూపించండి.

ఎండ వల్ల నిజంగా త్వరగా పోయేవి రబ్బరు, బ్యాటరీ. బ్యాటరీ మూడేళ్లు వస్తే సంతోషించండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగే సదుపాయం ఉన్న కార్లకు వేరే రకం బ్యాటరీ పడుతుంది, దాని ధర మామూలుదాని కంటే బాగా ఎక్కువ. మే నెలలో ఆ సదుపాయం వల్ల లాభమూ లేదు, ఏసీ కోసం ఇంజిన్ వెంటనే మళ్లీ స్టార్ట్ అవుతుంది. టర్బో నుంచి ఇంజిన్‌కి వెళ్లే గాలి గొట్టాలు నాలుగైదేళ్లకు పగుళ్లు పడతాయి. తొక్కినప్పుడు బుస్ మని శబ్దం, పవర్ తగ్గడం, ఉన్నట్టుండి మైలేజీ రెండు మూడు పడిపోవడం ఉంటే ముందు అవే చూపించండి. ఇది చిన్న రిపేరు. దీన్నే టర్బో పోయిందని చెప్పి పెద్ద బిల్లు చేతిలో పెట్టే వాళ్లున్నారు. గొట్టం చూడకుండా టర్బో విప్పనివ్వకండి. స్పార్క్ ప్లగ్గులు మామూలు ఇంజిన్ కంటే ముందే మార్చాలి, ఎప్పుడన్నది మాన్యువల్‌లో ఉంటుంది. టైర్లలో గాలి పొద్దున్నే, కారు కదపకముందు చూసుకోండి. ఐదారు డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్‌ఐ పెరగడం మామూలే. మధ్యాహ్నం ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువ గాలితో తిరుగుతారు.

గేర్‌బాక్స్ గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రోజూ అంగుళం అంగుళం జరిగే ట్రాఫిక్ ఉన్నవాళ్లకి డ్రై క్లచ్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ నేను చెప్పను. హైవే మీద అది అద్భుతం. కానీ పాకుతూ వెళ్లేటప్పుడు క్లచ్‌లు సగం పట్టి సగం వదిలి అరుగుతూ వేడెక్కుతాయి, చల్లార్చడానికి చుట్టూ నూనె ఉండదు. టార్క్ కన్వర్టర్‌కి ఆ టెన్షన్ లేదు. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల్లో 1.0కి టార్క్ కన్వర్టర్ వస్తుంది, 1.5కి ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. మీరు 1.0 వైపే చూస్తున్నారు కాబట్టి మీకు ఈ సమస్య రాదు.

ఇక మీ లెక్క. నెలకు 2,100 చొప్పున ఏడాదికి 25,000 కిలోమీటర్లు. మీ దారిలో ఎక్కువ భాగం కాజ టోల్‌గేట్ మీదుగా వెళ్లే హైవేనే, వారధి దిగాక మాత్రమే ఇరుకు. టర్బోకి ఏడాది సగటు 15.5 వేసుకుందాం. 1,613 లీటర్లు, లీటరు 109 అనుకుంటే దాదాపు 1,76,000 రూపాయలు. మామూలు 1.5 మీకు ఒక కిలోమీటరు ఎక్కువ ఇస్తుందనే అనుకున్నా 1,65,000 అవుతుంది. తేడా సుమారు 10,700. అదనపు ఆయిల్ చేంజ్‌లు రెండు వేసుకుంటే 9,000, ప్లగ్గులు, గొట్టాలకు ఏటా ఒక 2,000 పక్కన పెట్టుకోండి. అంటే టర్బో సరదాకి నెలకు 1,800 రూపాయలు. తిరిగొచ్చేది కొంచెం ఉంది: 999 సీసీ ఇంజిన్ 1,000 లోపు శ్లాబులో పడుతుంది కాబట్టి 2022లో నిర్ణయించిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ప్రీమియం ఏడాదికి 2,094, అదే 1.5కి 3,416. పన్నులో తేడా లేదు. నాలుగు మీటర్లు దాటిన సెడాన్ కావడంతో 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటికీ జీఎస్టీ 40 శాతమే. ఖర్చే ముఖ్యం అనుకుంటే నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ సెడాన్‌కి 18 శాతమే, అది వేరే లెక్క.

నేనైతే మీ దారికి 1.0 టర్బోనే తీసుకుంటాను. లారీల మధ్య వాడపల్లి రోడ్డు మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు 1,750 ఆర్‌పీఎం నుంచే లాగే ఇంజిన్ ఉండడం ధైర్యాన్నిస్తుంది. మీరు రోజంతా విజయవాడ రద్దీలో, గవర్నరుపేట, వన్‌టౌన్‌లలోనే తిరిగే మనిషి అయ్యుంటే మీ మామగారి మాటే వినమనేవాణ్ణి.

కొనే ముందు ఒక పని చేయండి. టెస్ట్ డ్రైవ్ సాయంత్రం చల్లబడ్డాక ఇస్తామంటారు, ఒప్పుకోకండి. మధ్యాహ్నం రెండింటికి అడగండి, మీ మామగారిని కూడా ఎక్కించుకోండి. ఏసీ పూర్తిగా పెట్టి, రద్దీ సిగ్నల్లో పది నిమిషాలు నిలబడండి. గాలి చల్లగానే వస్తోందా, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉందా, గ్రీన్ సిగ్నల్ పడ్డాక ఎంతసేపటికి కారు తేరుకుందో చూడండి. తర్వాత ఇంజిన్ ఆపి, దిగి నిలబడితే ముందు ఫ్యాను ఇంకో నిమిషం రెండు నిమిషాలు తిరుగుతూ వినిపించవచ్చు. కంగారు పడకండి, వేడెక్కిన ఇంజిన్‌ని అది చల్లారుస్తోంది, దాన్ని తిరగనివ్వండి.